నిల్వ పద్ధతి ఎంపిక: సరుకును బట్టి గోదాము

5.1 విషయ పరిచయం

ఎంత సరుకు నిల్వ ఉంచుకోవాలి, ఎప్పుడు మళ్ళీ ఆర్డరు పెట్టాలి అన్న విషయాలు గత యూనిట్‌లో చదివారు. ఆ లెక్కలన్నీ కాగితం మీదవి. లారీ వచ్చి గోదాము ముందు ఆగాక ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: వచ్చిన సరుకును ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి? చాలామంది చిన్న వ్యాపారులు దీనికి ఆలోచించకుండానే జవాబు చెబుతారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ దించమంటారు. కొన్నాళ్ళకు అడుగున ఉన్న పెట్టె కావాలంటే పైన ఉన్న ఇరవై పెట్టెలు దించాల్సి వస్తుంది. హమాలీ ఖర్చు పెరుగుతుంది, సరుకు నలుగుతుంది, గడువు దాటిన సరుకు మూలల్లో బయటపడుతుంది. నిల్వ పద్ధతి ఎంపిక అంటే ఈ నష్టాలను ముందుగానే ఊహించి నిర్ణయం తీసుకోవడం.

గిడ్డంగి అన్న మాట మనకు పాతదే. ఇంగ్లీషువాళ్ళు వాడే 'గోడౌన్' మలయ్ భాషలోని 'గుదాంగ్' నుంచి వచ్చిందనీ, దానికి మూలం తెలుగు 'గిడ్డంగి', తమిళ 'కిడంగు' కావచ్చనీ నిఘంటుకారులు రాశారు. కోస్తా రేవుల నుంచి సముద్రం దాటి వెళ్ళిన మాట 'గోదాము'గా మళ్ళీ మన ఇంటికే వచ్చిందన్నమాట. ఈ యూనిట్‌లో రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడతాం.

మీలో కొందరు తరగతుల కోసం తార్నాక వైపు వస్తుంటారు. ఉస్మానియా క్యాంపస్ నుంచి అడిక్‌మెట్, రాంనగర్ మీదుగా ముషీరాబాద్ వరకు ఒకసారి గమనిస్తూ వెళ్ళండి. గ్రంథాలయం, చేపల మార్కెట్, బస్సు డిపో, పెద్దాసుపత్రి, తుక్కు గోదాములు అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. ఒక్కోచోట సరుకు ఒక్కో తీరుగా ఉంటుంది, అందుకే నిల్వ కూడా ఒక్కో తీరుగా ఉంటుంది. ఈ యూనిట్‌లో ఉదాహరణలు ఎక్కువగా ఈ దారిలోవే. మీరు వేరే ఊళ్ళో ఉంటే మీ మార్కెట్ యార్డు, రైస్ మిల్లు, మందుల షాపు వెనక గది చూడండి. సూత్రాలు ఇవే.

5.2 ఎన్ని రకాలు, ఒక్కో రకం ఎంత?

ర్యాక్‌లు కొనాలా, నేల మీదే దొంతర్లు పేర్చాలా అని మొదటే అడగకూడదు. ముందు అడగాల్సింది, మీ దగ్గర ఎన్ని రకాల సరుకు ఉంది, ఒక్కో రకం ఎంత ఉంది అని. ఈ రెండు సంఖ్యలు తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

రెండు కొసలు చూద్దాం. భారత ఆహార సంస్థ బియ్యం గోదాములో రకాలు చాలా తక్కువ, ఒక్కో రకం మాత్రం వేల బస్తాలు. అక్కడ ర్యాక్‌లు అవసరం లేదు. నేల తేమ తగలకుండా కింద చెక్క క్రేట్లు పరిచి, గోడలకు ఆనకుండా దూరంగా, 50 కిలోల బస్తాలను ఎత్తుగా పేరుస్తారు. ప్రతి దొంతరకూ ఒక కార్డు ఉంటుంది. ఎప్పుడు వచ్చింది, ఎన్ని బస్తాలు, ఎన్ని పోయాయి అన్నది అందులో రాస్తారు. దొంతర్ల మధ్య దారి వదలడం కేవలం నడవడానికి కాదు. పురుగు పట్టిందో లేదో చూడాలి, లెక్కపెట్టాలి, అవసరమైతే గాలి చొరని కవరు కప్పి మందు పెట్టాలి. దారి లేకపోతే ఈ మూడూ కుదరవు. ఇలా నేల మీదే దగ్గర దగ్గరగా పేర్చడాన్ని 'బ్లాక్ స్టాకింగ్' అంటారు. పరికరాల ఖర్చు దాదాపు లేదు, స్థలం బాగా కలిసివస్తుంది.

రెండో కొస బస్సు డిపోలోని స్టోర్స్. నట్టు నుంచి బ్రేకు లైనింగు వరకు ఎన్నో రకాల విడిభాగాలు, ఒక్కో రకం కొన్నే. వాటిని గుట్టగా పోస్తే మెకానిక్‌కు కావలసినది దొరికేసరికి బస్సు ట్రిప్పు పోతుంది. కాబట్టి అక్కడ అరలు, గళ్ళు, ప్రతి గడికీ ఒక నంబరు, ఒక బిన్ కార్డు. స్థలం కొంత వృథా అయినా చేయి పెట్టగానే వస్తువు దొరకాలి.

ఈ రెండింటి మధ్య ఉన్న బేరమే నిల్వ పద్ధతులన్నిటికీ మూలం. సరుకును దగ్గరగా కుక్కితే చేతికి అందదు, చేతికి అందేలా పెడితే చోటు ఎక్కువ పడుతుంది. ర్యాక్‌లు అమ్మే కంపెనీలు రెండూ ఒకేసారి దొరుకుతాయన్నట్టు మాట్లాడతాయి. కొంతవరకు దొరుకుతాయి, కానీ ఆ మేరకు ఖరీదు పెరుగుతుంది.

5.3 ఒక లెక్క

ఈ బేరాన్ని అంకెల్లో చూద్దాం. ఇది ఊహించిన ఉదాహరణ. ఒక గోదాములో 10 వరుసలున్నాయి. ఒక్కో వరుసలో 4 ప్యాలెట్లు లోతుకు, 3 ఎత్తుకు పేర్చవచ్చు. అంటే వరుసకు 12, మొత్తం 120 ప్యాలెట్లు. అదే నేల మీద మామూలు ర్యాక్‌లు పెడితే మధ్యలో దారులు వదలాలి కాబట్టి 72 ప్యాలెట్లకే చోటు దొరుకుతుంది. చూడగానే బ్లాక్ స్టాకింగే మేలనిపిస్తుంది.

మొదటి వ్యాపారి దగ్గర మూడు రకాలే ఉన్నాయి: 60, 36, 20 ప్యాలెట్లు. వాటికి 5, 3, 2 వరుసలు కావాలి. మొత్తం 10 వరుసలు నిండాయి. 120 చోట్లలో 116 వాడుకలో ఉన్నాయి, దాదాపు 97 శాతం. ఇతనికి ర్యాక్‌లు అమ్మితే 44 ప్యాలెట్లు బయట పెట్టాల్సి వస్తుంది.

రెండో వ్యాపారి దగ్గర పది రకాలున్నాయి, ఒక్కోటి 7 ప్యాలెట్లు. ఒక వరుసలో రెండు రకాలు కలిపితే వెనక ఉన్నదాని కోసం ముందున్నదంతా తీయాలి. కాబట్టి రకానికి ఒక వరుస. పది వరుసలూ అయిపోయాయి, ఉన్నది మాత్రం 70 ప్యాలెట్లే. 58 శాతం. మిగిలిన 50 చోట్లు కంటికి ఖాళీగా కనిపిస్తాయి కానీ పనికి రావు. తేనెపట్టులో ఖాళీ గళ్ళలా ఉంటాయని దీనికి 'తేనెపట్టు నష్టం' అని పేరు. ఇతనికి 72 చోట్ల ర్యాక్‌లు చాలు. పైగా ప్రతి ప్యాలెట్ నేరుగా చేతికి అందుతుంది.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. సరుకు ఎప్పుడూ 7 ప్యాలెట్ల దగ్గరే ఉండదు. అమ్ముడవుతూ 7 నుంచి 1కి దిగి, మళ్ళీ లోడు వస్తుంది. సగటున ఒక్కో రకం 4 ప్యాలెట్లు. ప్రతి రకానికీ శాశ్వతంగా 7 చోట్లు కేటాయిస్తే, అంటే స్థిర స్థాన పద్ధతిలో, 72 చోట్లలో పది రకాలే పడతాయి. అలా కాకుండా ఖాళీ అయిన చోట ఏ రకాన్నైనా పెట్టి, ఎక్కడ పెట్టామో పుస్తకంలోనో కంప్యూటర్లోనో రాసుకుంటే సగటు లెక్కన 18 రకాల దాకా పడతాయి. లోడులన్నీ ఒకేరోజు రావచ్చు కాబట్టి 15 దగ్గర ఆగడం క్షేమం. దీన్ని చర స్థాన పద్ధతి అంటారు.

యూనివర్సిటీ గ్రంథాలయం స్థిర స్థానానికి దగ్గరి ఉదాహరణ. పుస్తకం మీది వర్గీకరణ సంఖ్యే దాని చోటు చెబుతుంది. ఆ విషయం మీద కొత్త పుస్తకాలు వస్తే అరలు జరపక తప్పదు, అందుకే ప్రతి అరలో కొంత ఖాళీ వదులుతారు. లాభమేమిటంటే, కేటలాగు పాడైనా అలవాటున్న గ్రంథాలయ సిబ్బంది పుస్తకం తీసి ఇవ్వగలరు. చర స్థాన పద్ధతిలో ఆ వీలుండదు. రాసిన రికార్డు పోతే సరుకు గోదాములోనే ఉండి కూడా పోయినట్టే. మీ గుమాస్తా ప్రతి కదలికనూ రాసే మనిషి కాకపోతే ఆ పద్ధతి జోలికి వెళ్ళకండి. ఈ విషయంలో సాఫ్ట్‌వేర్ కంటే మనిషి అలవాటే ముఖ్యం.

5.4 ఏది ముందు బయటికి పోవాలి?

రాయలసీమలోను, ఇతర మెట్ట ప్రాంతాల్లోను ఒకప్పుడు జొన్నలు పాతరలో దాచేవారు. నేలలో గొయ్యి తీసి, గడ్డి పరిచి, గింజలు పోసి, మూసేసేవారు. తీయాలంటే పై నుంచే. చివర పోసినవి ముందు వస్తాయి. అడుగున చిన్న తూము పెట్టిన గాదెలో ఇది తలకిందులు. పై నుంచి కొత్త గింజలు పోస్తారు, కింద నుంచి పాతవి వస్తాయి. మన పెద్దలు పేర్లు పెట్టలేదు గానీ, పాఠ్యపుస్తకాల్లోని లిఫో, ఫిఫో అంటే ఈ పాతర, గాదెలే.

నిల్వ పద్ధతి ఎంచుకోగానే సరుకు బయటికి వచ్చే వరస కూడా తెలియకుండానే ఖాయమవుతుంది. గోడకు ఆనించి పేర్చిన వరుస పాతర లాంటిది. కొత్త బిస్కెట్ పెట్టెలు పాత పెట్టెల ముందు చేరతాయి, పాతవి గోడ దగ్గర మిగిలిపోతాయి. దాన్ని ఫిఫోగా మార్చాలంటే ఒక వరుస పూర్తిగా ఖాళీ అయ్యాకే కొత్త లోడు అందులో పెట్టాలి, లేదా వరుసకు రెండు వైపులా దారి వదలాలి. రెండింటికీ చోటు ఖర్చవుతుంది. ఇటుకలు, ఇనుప కడ్డీలు, పింగాణీ లాంటి సరుకుకు ఈ ఖర్చు పెట్టక్కరలేదు. పిండి, మందులు, పెయింట్లు, బ్యాటరీలు అయితే తప్పదు.

మందుల విషయంలో ఫిఫో కూడా చాలదు. ముషీరాబాద్‌లో ఒకప్పుడు జైలు ఉన్న స్థలంలోకి 2003లో గాంధీ ఆసుపత్రి తరలివచ్చింది. అలాంటి పెద్దాసుపత్రి మందుల స్టోర్‌ను ఊహించండి. నిన్న వచ్చిన పెట్టె గడువు ఆర్నెల్లు, పోయిన నెల వచ్చిన పెట్టె గడువు రెండేళ్ళు కావచ్చు. ముందు వచ్చిందాన్ని ముందు ఇస్తే ఆర్నెల్ల పెట్టె చెడిపోతుంది. ఇక్కడ ముందు గడువు తీరేది ముందు పోవాలి. ప్రతి పెట్టె గడువూ కనబడాలి, ప్రతి పెట్టే అందాలి. దొంతరలు పనికిరావు, అరలే కావాలి. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. వాటికి పద్ధతి ఎంపిక అంటే ముందు చల్లదనం ఎంపిక, తర్వాతే అరల సంగతి. గుంటూరులో ఎండుమిర్చి రంగు తగ్గకుండా శీతల గిడ్డంగుల్లో పెట్టడం కూడా ఇలాంటిదే.

వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పరీక్షల్లో తరచుగా తడబడే చోటు ఒకటుంది. గోదాములో సరుకు కదిలే వరస వేరు, ఖాతా పుస్తకాల్లో నిల్వకు విలువ కట్టే పద్ధతి వేరు. మన దేశంలో అకౌంటింగ్ ప్రమాణం 2 ప్రకారం ఒకదానికొకటి మార్చుకోగల సరుకుకు ఫిఫో గాని, భారిత సగటు గాని వాడాలి. లిఫోకు అనుమతి లేదు. అంతమాత్రాన ఇసుక వ్యాపారి గుట్ట అడుగు నుంచి ఇసుక తవ్వి అమ్మాలని కాదు. అతను పై నుంచే అమ్ముకోవచ్చు, పుస్తకంలో మాత్రం ఫిఫోతో విలువ కడతాడు.

5.5 నిల్వ చేయకపోవడమూ పద్ధతే

రాంనగర్, ముషీరాబాద్ మధ్య ఉన్న చేపల మార్కెట్‌కు ఉదయం పదింటికి వెళితే అసలు పని చాలావరకు అయిపోయి ఉంటుంది. చేపలు ఐసు పెట్టెల్లో రాత్రికి రాత్రి లారీల్లో వస్తాయి, తెల్లవారకముందే చేతులు మారతాయి. ఇక్కడ గోదాము అంటే ఐసు పెట్టే. వచ్చిన సరుకును అరల్లోకి ఎక్కించకుండా నేరుగా పోయే బండిలోకి మార్చడాన్ని 'క్రాస్ డాకింగ్' అంటారు. దీనికి ర్యాక్‌లు కాదు కావలసింది. దించడానికి వెడల్పైన చోటు, కాంటా, నీళ్ళు పోయే కాలువ, కొనేవాళ్ళు వేళకు రావడం కావాలి.

మృగశిర కార్తె రోజున ఇదే మార్కెట్ కాలు పెట్టలేనంతగా నిండిపోతుంది. ఏడాదికి ఒక్కరోజు వచ్చే రద్దీ కోసం ఏడాదంతా పెద్ద చోటుకు అద్దె కట్టడం తెలివి కాదు. ఆ రద్దీకి ఐసు, పెట్టెలు, మనుషులు అదనంగా తెచ్చుకుంటారు. పండగ సరుకు అమ్మే ఏ వ్యాపారికైనా ఇది వర్తిస్తుంది. గోదామును మామూలు రోజులకు కొలవండి, రద్దీకి తాత్కాలిక ఏర్పాటు చూసుకోండి.

5.6 పక్కన ఏముంది? లోపల ఎవరున్నారు?

ఇప్పటివరకు చెప్పినవన్నీ డబ్బు లెక్కలు. పాఠ్యపుస్తకాలు చాలావరకు అక్కడే ఆగుతాయి. ఈ ప్రాంతపు అనుభవం మనల్ని అక్కడ ఆగనివ్వదు.

ముషీరాబాద్ పక్కనే ఉన్న భోలక్‌పూర్ తోళ్ళ వ్యాపారానికి, తుక్కు వ్యాపారానికి పేరుపడిన చోటు. తుక్కు సరుకు నిల్వ చేయడం చాలా కష్టం. ఏ రోజు ఏమొస్తుందో తెలియదు. అట్టముక్కలు, ప్లాస్టిక్ సీసాలు, కేబుళ్ళు, పాత బ్యాటరీలు, అడుగున నూనె మిగిలిన డబ్బాలు ఒకే బండిలో వస్తాయి. విడివిడిగా చూస్తే ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త. కలిపి గుట్ట పోస్తే, కాగితం నిప్పు అందుకుంటుంది, ప్లాస్టిక్ ఊపిరాడని పొగ ఇస్తుంది, నూనె మంటను నేలంతా పరుస్తుంది. తోళ్ళది మరో తీరు. చెడకుండా ఉప్పు పట్టిస్తారు, ఆ ఉప్పునీరు ఇనుప ర్యాక్‌ను తినేస్తుంది. అందుకే వాటికి వాలుగా కట్టిన గచ్చు, కాలువ, చెక్క పలకలు నయం. ఖరీదైన ర్యాక్ ప్రతిచోటా మెరుగైన పద్ధతి కాదు.

ముషీరాబాద్ నుంచి సికింద్రాబాద్ స్టేషన్ వైపు వెళితే బోయిగూడ వస్తుంది. 2022 మార్చి 23 తెల్లవారుజామున అక్కడ ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. కింద సరుకు, పైన పనివాళ్ళ పడక. దిగడానికి మెట్లదారి ఒక్కటే, అదీ సరుకు ఉన్న వైపుకే. బీహార్ నుంచి పనికి వచ్చిన 11 మంది కార్మికులు చనిపోయారు. ఒక్కరు దూకి బతికారు. తర్వాతి ఏడాది, 2023 నవంబరు 13న, నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక నివాస భవనం కింది అంతస్తులో ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది చనిపోయారు. వాళ్ళకు ఆ డ్రమ్ములతో ఏ సంబంధమూ లేదు. పై అంతస్తుల్లో కాపురం ఉన్నారు.

ఈ రెండు సంఘటనలను ప్రమాదాలుగా చదివి వదిలేయకండి, నిల్వ పద్ధతి ఎంపికలుగా చదవండి. నిప్పురవ్వ ఎక్కడి నుంచి వచ్చిందన్నది దర్యాప్తు అధికారుల పని. సరుకు ఏ అంతస్తులో ఉంది, దేని పక్కన ఉంది, మనుషులు దాటిపోయే దారి సరుకు మీదుగా ఉందా, సరుకుకు దూరంగా ఉందా అన్నవి మాత్రం వ్యాపారి ఏదో ఒక రోజు తీసుకున్న నిర్ణయాలు. పనివాళ్ళు గోదాములోనే పడుకుంటే వసతి ఖర్చు లేదు, కాపలా ఖర్చూ లేదు. ఖాతాలో ఇది పొదుపుగా కనిపిస్తుంది. నిజానికి అది ఖర్చు తగ్గడం కాదు, ఆ ఖర్చు వేరొకరి ప్రాణం మీదికి బదిలీ కావడం.

జాతీయ భవన నిర్మాణ స్మృతి మామూలు నిల్వ భవనాలను 'హెచ్' వర్గంలోను, ప్రమాదకర పదార్థాలు ఉండే భవనాలను 'జె' వర్గంలోను, నివాసాలను 'ఎ' వర్గంలోను వేరువేరుగా ఉంచుతుంది. ఒక్కో వర్గానికి దారులు, అగ్నిమాపక ఏర్పాట్లు వేరు. చట్టం ఎందుకు ఇన్ని వర్గాలు చేసిందో పై రెండు తేదీలు చూస్తే తెలుస్తుంది. ఇల్లు కింద గోదాము పెట్టుకోవడం మన బస్తీల్లో మామూలే. చీపుళ్ళ కట్టలు, స్టీలు గిన్నెలు వేరే సంగతి. స్పిరిట్, థిన్నర్, ఫోమ్, బాణసంచా, రసాయనాలు అయితే అద్దె ఎంత తక్కువైనా ఆ చోటు మీ సరుకుకు కాదు.

అటక వేసి చోటు పెంచుకునేవాళ్ళు కూడా ఇదే కోణంలో చూడాలి. అటక చవకగా రెట్టింపు చోటు ఇస్తుంది, నిజమే. తేలికైన, నెమ్మదిగా కదిలే సరుకును అక్కడ పెట్టడం మంచి పద్ధతి. దానికి రెండు మెట్లదారులు, ఎదురెదురు కొసల్లో ఉండాలి. రెండోదానికి చోటు లేకపోతే అటకకూ చోటు లేదనుకోవాలి. స్విచ్ బోర్డు ముందు మనిషి నిలబడేంత జాగా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. తలుపు దగ్గరి ఖాళీ జాగా వృథా కాదు, దాన్ని నిల్వ స్థలంలో లెక్క వేయకండి. 5.3లోని 72 చోట్లు ఈ జాగా వదిలాక మిగిలినవి అయితేనే ఆ లెక్క సరైనది.

5.7 సొంతమా, ప్రజా గిడ్డంగా?

కేంద్ర గిడ్డంగుల సంస్థ 1957లో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ 1958లో ఏర్పడ్డాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. ఇలాంటి గిడ్డంగుల్లో వాడుకున్న మేరకే అద్దె. పేర్చడం, పురుగుమందు, కాపలా వాళ్ళే చూస్తారు. 2007 నాటి గిడ్డంగుల చట్టం కింద నమోదైన గిడ్డంగి ఇచ్చే బదిలీ చేయదగిన రసీదును హామీగా పెట్టి బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చు. ధాన్యం, పప్పులు, పసుపు, మిర్చి లాంటి సరుకుకు ఇది మంచి దారి. రోజుకు పదిసార్లు తెరవాల్సిన చిల్లర సరుకుకు మాత్రం సరిపడదు.

5.8 అభ్యాసం

రాంనగర్‌లో ఒక టోకు వ్యాపారి 25 రకాల నోటు పుస్తకాలు, 140 రకాల పెన్నులు, స్కేళ్ళు, జిగురు సీసాలు, 6 రకాల తెల్ల కాగితం బండిళ్ళు, 10 డబ్బాల స్క్రీన్ ప్రింటింగ్ థిన్నర్ అమ్ముతారు. గోదాము ఒక ఇంటి కింది అంతస్తు: 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, ముందు వైపు ఒకే షట్టరు. నోటు పుస్తకాల అమ్మకంలో ఎక్కువ భాగం జూన్, జూలై నెలల్లోనే. ఇద్దరు కుర్రాళ్ళు రాత్రిళ్ళు లోపలే పడుకుంటారు.

(అ) ఏ సరుకును దొంతరగా, ఏ సరుకును అరల్లో పెడతారు? 5.2లోని రెండు సంఖ్యలతో మీ నిర్ణయాన్ని సమర్థించండి.

(ఆ) జిగురు సీసాలకు, కాగితం బండిళ్ళకు ఒకే వరస పాటించాలా? ఎందుకు?

(ఇ) జూన్ రద్దీకి పెద్ద గోదాము తీసుకోమని ఆయనకు సలహా ఇస్తారా?

(ఈ) ఒక తెల్లకాగితం మీద గోదాము పటం గీసి సరుకు చోట్లు గుర్తించండి. గీయడం మొదలుపెట్టే ముందు రెండో ద్వారం ఎక్కడ పెట్టాలో, థిన్నర్ డబ్బాలు ఎక్కడికి పంపాలో, ఆ ఇద్దరు కుర్రాళ్ళు రాత్రి ఎక్కడ పడుకోవాలో తేల్చుకోండి. పటంలో మిగిలిన జాగాలోనే సరుకును అమర్చండి.